సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ను బ్రౌజర్ నింపడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

లాగిన్ పేజీ తెరిచారు. నిన్నటిదాకా దానంతట అదే నిండిన గడులు ఇవాళ ఖాళీగా ఉన్నాయి. చాలామంది వెంటనే చేసే పని కుకీలు (లాగిన్ లాంటివి గుర్తుంచుకోవడానికి సైట్లు దాచే చిన్న ఫైళ్లు), కాష్ (పేజీల తాత్కాలిక కాపీలు) తుడిచేయడం. అది మాత్రం ముందే చేయకండి. కాష్‌కూ సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లకూ దాదాపు సంబంధం ఉండదు. కుకీలు తుడిస్తే ఇంకా పెద్ద చిక్కు. ఇప్పటికి లాగిన్ అయి ఉన్న సైట్లన్నింటి నుంచీ బయటికి వచ్చేస్తారు. పాస్‌వర్డ్‌లు నిండని బ్రౌజర్‌తో వాటన్నింటిలోకీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.

బ్రౌజర్ పాస్‌వర్డ్ నింపాలంటే వరసగా నాలుగు పనులు జరగాలి. దాచిన పాస్‌వర్డ్ ఉండాలి, దాన్ని చదవగలగాలి. దాచినప్పటి అడ్రస్, ఇప్పుడు తెరిచిన అడ్రస్ కలవాలి. పేజీలో ఏది యూజర్‌నేమ్ గడో, ఏది పాస్‌వర్డ్ గడో బ్రౌజర్ గుర్తుపట్టాలి. నింపిన దాన్ని సైట్ ఒప్పుకోవాలి. ఆగింది ఎక్కడో తేలితే మందు సులువు. అది తేలకుండా సెట్టింగులన్నీ కదిపితే కొత్త లోపాలు వచ్చి చేరతాయి.

ముందు జాబితా చూడండి

క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలోంచి గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌కి వెళ్లండి. ఫైర్‌ఫాక్స్‌లో మెనూలో పాస్‌వర్డ్స్ అని ఉంటుంది. అడ్రస్ బార్‌లో అబౌట్:లాగిన్స్ అని ఇంగ్లిష్‌లో కొట్టినా అదే పేజీ వస్తుంది. ఎడ్జ్‌లో సెట్టింగ్స్ తెరిచి పాస్‌వర్డ్స్ అని వెతకండి. మ్యాక్‌లో సఫారీ వాడేవారికి 2024లో వచ్చిన మ్యాక్ఓఎస్ సెకోయా నుంచి పాస్‌వర్డ్స్ అని వేరే యాప్ ఉంది. సైట్ పేరుతో వెతికి, దొరికిన ఎంట్రీని తెరిచి, కన్ను గుర్తు నొక్కి పాస్‌వర్డ్ నిజంగా కనిపిస్తోందో లేదో చూడండి.

జాబితాలో ఆ ఒక్క సైటే లేకపోతే అది ఎప్పుడూ సేవ్ అయి ఉండకపోవచ్చు. ఎప్పుడో హడావిడిలో ‘నెవర్’ నొక్కి ఉంటారు. ఆ తర్వాత బ్రౌజర్ ఆ సైట్‌లో మళ్లీ అడగదు. క్రోమ్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్ అడుగున, తిరస్కరించిన సైట్ల జాబితాలో అది ఉంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో పాస్‌వర్డ్‌ల సెట్టింగ్ పక్కనే ఉండే ఎక్సెప్షన్స్‌లో ఉంటుంది. అక్కడినుంచి తీసేసి ఒకసారి చేత్తో లాగిన్ అయితే మళ్లీ సేవ్ చేయమంటారా అని అడుగుతుంది.

ఎంట్రీ ఉన్నా యూజర్‌నేమ్ చోట ఏముందో గమనించండి. యూజర్‌నేమ్ ఒక పేజీలో, పాస్‌వర్డ్ మరో పేజీలో అడిగే సైట్లలో యూజర్‌నేమ్ ఖాళీగా సేవ్ అవుతుంటుంది. కాప్చా (మీరు మనిషేనా అని తేల్చుకోవడానికి అక్షరాలు కొట్టమనే పరీక్ష) గడి మధ్యలో ఉంటే కాప్చా అక్షరాలే యూజర్‌నేమ్‌గా దాచుకున్న సందర్భాలూ ఉంటాయి. ఎడిట్ చేసి సరిచేస్తే చాలు.

జాబితా మొత్తం ఖాళీగా ఉంటే ముందు ప్రొఫైల్ (ఒక్కొక్కరికి విడిగా ఉండే బ్రౌజర్ ఖాతా లాంటిది) చూడండి. క్రోమ్‌లో కుడివైపు పైన బొమ్మ మీద నొక్కితే ఏ ప్రొఫైల్‌లో ఉన్నారో తెలుస్తుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు ప్రొఫైళ్లుంటే ఒకదాని పాస్‌వర్డ్‌లు మరొకదానికి కనిపించవు. ఖాతా పక్కన ‘పాజ్డ్’ అని ఉంటే మళ్లీ సైన్ ఇన్ అవ్వాలి. ఇవి రెండూ కాకపోతే కింద ‘ఉన్నవి చదవలేకపోతే’ అన్న భాగానికి వెళ్లండి.

అడ్రస్ కలవకపోవడం

జాబితాలో పాస్‌వర్డ్ ఉండి, గడిలోకి మాత్రం రావడం లేదంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. మనం సైట్‌ను పేరుతో, లోగోతో గుర్తుపడతాం. బ్రౌజర్‌కు అవి పట్టవు. అడ్రస్ ముందున్న హెచ్‌టీటీపీఎస్, ఆ తర్వాతి డొమైన్ పేరు, ఉంటే పోర్ట్ నంబర్ (డొమైన్ పేరు తర్వాత రెండు చుక్కల పక్కన ఉండే అంకె), ఈ మూడింటినే చూస్తుంది.

అందుకే ఎంట్రీ తెరిచి అందులోని అడ్రస్‌నూ, ఇప్పుడు అడ్రస్ బార్‌లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. డొమైన్ పూర్తిగా మారిపోయి, మీకు తెలిసిన కారణమేమీ లేకపోతే అక్కడే ఆగండి. అసలు సైట్‌ను పోలిన దొంగ పేజీ కావచ్చు. ఒక అక్షరం తేడా మన కంటికి ఆనదు కానీ బ్రౌజర్‌ను మోసం చేయలేదు. బ్రౌజర్ నింపకపోవడం కొన్నిసార్లు అది చేయాల్సిన పని సరిగ్గా చేయడమే. ఇలాంటప్పుడు పాస్‌వర్డ్‌ను కాపీ చేసి అతికించడం కన్నా ప్రమాదకరమైన పని లేదు. మెయిల్‌లోనో మెసేజ్‌లోనో వచ్చిన లింకు ద్వారా ఆ పేజీకి చేరి ఉంటే దాన్ని మూసేసి, అడ్రస్ మీరే కొట్టి వెళ్లండి.

మోసం లేకుండానే అడ్రస్ మారే సందర్భాలూ చాలా ఉంటాయి. సైట్ తన లాగిన్ పేజీని వేరే సబ్‌డొమైన్‌కు మారుస్తుంది. ముందు ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ’తో ఉన్నది ‘లాగిన్’ అనో ‘అకౌంట్స్’ అనో మొదలవుతుంది. ఇలాంటప్పుడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ పాత పాస్‌వర్డ్‌ను గడిలో తామే నింపవు. గడిలో కర్సర్ పెడితే కింద జాబితాలో చూపిస్తాయి, ఎంచుకుంటే నింపుతాయి. జాబితా రాకపోతే ఖాళీ గడిలో కిందికి బాణం మీట నొక్కి చూడండి. అలా ఒకసారి లాగిన్ అయినప్పుడు సేవ్ చేయమంటారా అని అడిగితే ఒప్పుకోండి, కొత్త అడ్రస్ కూడా నమోదవుతుంది.

హెచ్‌టీటీపీఎస్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ను చివర ఎస్ లేని పేజీలో బ్రౌజర్ ఇవ్వదు. ఫైర్‌ఫాక్స్ అయితే ఎస్ లేని సైట్లలో మామూలుగా దేన్నీ తనంతట నింపదు. గడిలో నొక్కితే కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరికతో పాటు జాబితా చూపిస్తుంది. పాత బుక్‌మార్క్ వాడుతుంటే అందులో ఎస్ చేర్చి చూడండి.

రౌటర్, ప్రింటర్, ఇంట్లో నడుపుకునే సర్వర్ లాంటి వాటి పేజీల్లో పేరుకు బదులు ఐపీ అడ్రస్ ఉంటుంది. 192.168.0.1 పేరున దాచింది 192.168.1.1లో రాదు, పరికరం అదే అయినా సరే. సర్వర్‌ను 8080 పోర్ట్‌లోంచి 8443కి మార్చినా అంతే. అలాంటి పరికరానికి రౌటర్‌లో మారని ఐపీ కేటాయించుకుంటే ఈ బాధ తప్పుతుంది.

అడ్రసే తేడా అని తేలాక చాలామంది ఎంట్రీలో దాన్ని దిద్దాలని చూస్తారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు కానీ సైట్ అడ్రస్ మార్చనివ్వవు. ‘యాడ్’ నొక్కి, లాగిన్ పేజీ అడ్రస్‌తో కొత్త ఎంట్రీ చేయాలి. కొత్తది పనిచేస్తోందని చూసుకున్నాకే పాతది తీసేయండి.

సెట్టింగులు: ఏది దేనికి

క్రోమ్‌లో ‘పాస్‌వర్డ్‌లు సేవ్ చేయమంటారా’ అని అడిగే స్విచ్‌ను ఆపి మళ్లీ వేయమని చాలాచోట్ల చెబుతారు. అది కొత్తవి దాచడం గురించే. ఆపినా ఇదివరకు దాచినవి నిండుతూనే ఉంటాయి. పక్కనే ఉండే ఆటోమేటిక్ సైన్ ఇన్ స్విచ్ కూడా వేరే పనికోసం. కాబట్టి గడి నిండకపోవడానికి క్రోమ్‌లో ఈ రెండు స్విచ్‌ల దగ్గర జవాబు దొరకదు. అదే పేజీలో, పాస్‌వర్డ్ నింపేముందు విండోస్ హలో (విండోస్‌లో పిన్, వేలిముద్ర లాంటి వాటితో గుర్తింపు) లేదా స్క్రీన్ లాక్ అడిగే స్విచ్ ఉంటే మాత్రం గమనించండి. అది వేసి ఉంటే మీరు పిన్ ఇచ్చేదాకా పాస్‌వర్డ్ రాదు. పిన్ అడిగే విండో ఒక్కోసారి వేరే విండోల వెనక ఉండిపోతుంది.

ఫైర్‌ఫాక్స్ సంగతి వేరు. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో రెండు టిక్‌లు ఉంటాయి. ఒకటి సేవ్ చేయమని అడగడానికి, రెండోది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తనంతట నింపడానికి. మొదటిది తీసేస్తే రెండోది బూడిద రంగులోకి మారి కదలదు. రెండూ ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక సైట్‌కు మీ దగ్గర రెండు మూడు ఖాతాలుంటే, ఏది నింపాలో తెలియక ఫైర్‌ఫాక్స్ గడిని ఖాళీగానే వదిలేస్తుంది. అది లోపం కాదు, నొక్కి ఎంచుకోవాలి. అక్కరలేని పాత ఖాతాను తీసేస్తే మళ్లీ తనంతట నింపుతుంది.

క్రోమ్ ఇన్‌కాగ్నిటో విండోలో కూడా గడి ముందే నిండదు, నొక్కితే జాబితా వస్తుంది. ఎక్స్‌టెన్షన్లయితే (బ్రౌజర్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) విడిగా అనుమతి ఇస్తే తప్ప అక్కడ పనిచేయవు.

గడి నిండింది, బటన్ మాత్రం నొక్కనివ్వదు

క్రోమ్‌లో ఇది తరచూ ఎదురవుతుంది. పేజీ తెరవగానే రెండు గడులూ లేత నీలం రంగులో నిండి కనిపిస్తాయి, పాస్‌వర్డ్ చోట చుక్కలూ ఉంటాయి. లాగిన్ బటన్ మాత్రం బూడిద రంగులోనే ఉంటుంది. లేదా నొక్కితే ‘పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని ఎర్రగా వస్తుంది.

జరిగేది ఇది. మీరు పేజీ మీద ఒక్కసారైనా నొక్కేవరకు లేదా ఏదో ఒక మీట కొట్టేవరకు, నింపిన విలువను క్రోమ్ పేజీలోని స్క్రిప్టుకు (పేజీని నడిపే కోడ్‌కు) చూపించదు. మీ ప్రమేయం లేకుండా పేజీలు పాస్‌వర్డ్ లాగేసుకోకుండా ఈ జాగ్రత్త. మన కంటికి నిండినట్టున్నా సైట్ దృష్టిలో గడి ఇంకా ఖాళీయే. పేజీలో ఖాళీ చోట ఒకసారి క్లిక్ చేయండి, బటన్ రంగు మారుతుంది. అప్పటికీ మారకపోతే పాస్‌వర్డ్ గడిలో చివర ఒక స్పేస్ కొట్టి వెంటనే బ్యాక్‌స్పేస్‌తో తీసేయండి. కొన్ని సైట్లు టైప్ చేసినప్పుడు వచ్చే సంకేతం కోసమే చూస్తుంటాయి, ఆ ఒక్క మీటతో అది అందుతుంది.

నిండింది, బటన్ పనిచేసింది, కానీ ‘పాస్‌వర్డ్ తప్పు’ అంటోందా? వేరే పరికరంలో పాస్‌వర్డ్ మార్చి, ఇక్కడ పాతదే మిగిలి ఉంటుంది. వరసగా ప్రయత్నిస్తే ఖాతా లాక్ కావచ్చు, అందుకే రెండోసారికే ఆగి ఎంట్రీని సరిచేయండి.

పేజీ తయారీలోనే తేడా ఉంటే

మిగతా సైట్లన్నీ నిండుతూ ఒక్క సైట్ మాత్రమే మొరాయిస్తుంటే లోపం చాలావరకు ఆ పేజీదే. తేల్చుకోవడానికి పాస్‌వర్డ్ గడి మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. రంగు మారిన వరసలో ఇన్‌పుట్ అన్న ట్యాగ్ కనిపిస్తుంది. అందులో టైప్ అన్నచోట పాస్‌వర్డ్ అని ఉండాలి. టెక్స్ట్ అని ఉండి, అక్షరాలను చుక్కలుగా చూపించే ఏర్పాటు విడిగా చేసి ఉంటే బ్రౌజర్ దాన్ని పాస్‌వర్డ్ గడిగా గుర్తించకపోవచ్చు. ఆటోకంప్లీట్ అన్నచోట న్యూ-పాస్‌వర్డ్ అని ఉంటే, ఇది కొత్త ఖాతా తెరిచే పేజీ అనుకుని పాతది నింపదు. లాగిన్ పేజీలో అక్కడ ఉండాల్సింది కరెంట్-పాస్‌వర్డ్. ఆఫ్ అని ఉంటే దిగులు లేదు, లాగిన్ గడుల విషయంలో ఇప్పటి పెద్ద బ్రౌజర్లు ఆ మాటను పట్టించుకోవు.

లాగిన్ గడులు పేజీలో భాగంగా కాకుండా వేరే డొమైన్ నుంచి తెచ్చిన ఫ్రేమ్‌లో (పేజీ లోపల తెరుచుకునే మరో పేజీలో) ఉన్నా క్రోమ్ ముందుగా నింపదు. ఇలాంటి సైట్లలో మీ వైపు నుంచి చేయగలిగేది జాబితాలోంచి ఎంచుకోవడం, అదీ రాకపోతే పాస్‌వర్డ్ మేనేజర్‌లోంచి కాపీ చేసుకోవడం. ఆ సైట్ నడిపేవాళ్లకు రాసేటప్పుడు ‘పాస్‌వర్డ్ రావట్లేదు’ అని కాకుండా ఇన్‌స్పెక్ట్‌లో చూసింది ఉన్నదున్నట్టు రాయండి, పని త్వరగా జరుగుతుంది.

ఎక్స్‌టెన్షన్లు, ఆఫీసు కంప్యూటర్లు

బ్రౌజర్‌లో ఉన్న పాస్‌వర్డ్ మేనేజరూ, మీరు వేసుకున్న బిట్‌వార్డెన్ లాంటి ఎక్స్‌టెన్షనూ రెండూ నడుస్తుంటే ఒకే గడి కోసం పోటీ పడతాయి. ఒకదాని జాబితా మీద మరొకదాని జాబితా పడుతుంది, లేదా ఏదీ రాదు. ఏదో ఒకటే ఉంచుకోవడం మేలు. ఎక్స్‌టెన్షన్‌ను ఉంచుకుంటే అది లాక్ అయి ఉందేమో, సైట్ యాక్సెస్ ‘నొక్కినప్పుడు మాత్రమే’ అని ఉందేమో చూడండి. క్రోమ్ సెట్టింగ్ పక్కన ఫలానా ఎక్స్‌టెన్షన్ దీన్ని నియంత్రిస్తోందని రాసి ఉంటే మీరు స్విచ్ కదిపినా మారదు. యాడ్ బ్లాకర్లు, స్క్రిప్ట్ ఆపేవి కూడా అడ్డుపడతాయి. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్‌లో తెరిస్తే ఎక్స్‌టెన్షన్లన్నీ ఒకేసారి ఆగుతాయి. అందులో నిండితే దొంగ వాటిలోనే ఉంది.

క్రోమ్ మెనూ అడుగునో, ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్ పేజీ పైనో ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న వాక్యం ఉంటే క్రోమ్://పాలసీ, ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:పాలసీస్ పేజీలను ఇంగ్లిష్‌లో కొట్టి తెరవండి. పాస్‌వర్డ్ మేనేజర్ పేరుతో పాలసీ (సంస్థ పెట్టిన నియమం) కనిపిస్తే ఆ కంప్యూటర్ చూసుకునే వారితో మాట్లాడటమే దారి.

ఫోన్‌లో

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘ఆటోఫిల్’ అని వెతకండి, మెనూ పేర్లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటాయి. అక్కడ ఎంచుకున్న సర్వీసు మీరు పాస్‌వర్డ్‌లు దాచుకున్నదే కావాలి. ఫోన్ మార్చినప్పుడు ఇది మారిపోతుంటుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి సూచనలు కీబోర్డు పై వరసలో రావచ్చు, కాబట్టి ఒకసారి కీబోర్డు మార్చి కూడా చూడండి. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి సెట్టింగ్స్, జనరల్, ఆటోఫిల్ అండ్ పాస్‌వర్డ్స్‌లో ఈ స్విచ్ ఉంటుంది. మెసేజింగ్ యాప్‌లో లింకు నొక్కితే ఆ యాప్‌లోనే తెరుచుకునే చిన్న బ్రౌజర్‌లో మీ బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు తరచూ అందవు. మెనూలోంచి అసలు బ్రౌజర్‌లో తెరవండి.

ఉన్నవి చదవలేకపోతే

జాబితా ఉన్నట్టుండి ఖాళీ అయితే అన్నీ పోయాయని అనుకోనక్కరలేదు. 2024 జులై 24న విండోస్‌లో క్రోమ్ 127 వాడేవారిలో కొందరికి సరిగ్గా ఇలాగే అయింది. సుమారు 18 గంటలపాటు పాస్‌వర్డ్‌లు కనిపించలేదు, గూగుల్ సరిచేశాక క్రోమ్‌ను మూసి తెరిస్తే తిరిగొచ్చాయి. గూగుల్ ఖాతాలో దాచుకునేవారు పాస్‌వర్డ్స్ డాట్ గూగుల్ డాట్ కామ్‌లో చూడండి. సింక్‌కు (పరికరాలన్నింటిలో ఒకే సమాచారం ఉంచే ఏర్పాటుకు) సొంత పాస్‌ఫ్రేజ్, అంటే రహస్య వాక్యం, పెట్టుకుని ఉంటే మాత్రం అక్కడ కనిపించవు.

కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు గుప్తలిపిలో ఉంటాయి, క్రోమ్ విషయంలో దాన్ని విప్పే తాళం బ్రౌజర్ దగ్గర కాక ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంటుంది. విండోస్‌లో ఆ తాళం మీ యూజర్ ఖాతాకు ముడిపడి ఉంటుంది. విండోస్ పాస్‌వర్డ్‌ను, పాతది ఇచ్చి మీరే మార్చుకుంటే ఇబ్బంది లేదు. అడ్మినిస్ట్రేటర్ బలవంతంగా రీసెట్ చేస్తే తాళం పనిచేయకపోవచ్చు. పాత కంప్యూటర్‌లోని క్రోమ్ ఫోల్డర్‌ను కొత్తదానికి కాపీ చేసినవారికి బుక్‌మార్కులు వచ్చి పాస్‌వర్డ్‌లు రాకపోవడానికీ కారణం ఇదే. మ్యాక్‌లో ‘క్రోమ్ సేఫ్ స్టోరేజ్’ వాడుకోవచ్చా అని కీచైన్ (మ్యాక్ రహస్యాలు దాచే చోటు) అడిగినప్పుడు డినై నొక్కితే క్రోమ్‌కు తాళం అందదు. క్రోమ్ మూసి తెరిచి, ఈసారి ఆల్వేస్ అలౌ నొక్కండి. లినక్స్‌లో పాస్‌వర్డ్ అడగకుండా డెస్క్‌టాప్‌లోకి వెళ్లేలా పెట్టుకుంటే కీరింగ్ (లినక్స్ రహస్యాలు దాచే చోటు) లాక్‌లోనే ఉండిపోతుంది. లినక్స్ డెస్క్‌టాప్‌ను గ్నోమ్ నుంచి కేడీఈకి మారిస్తే క్రోమ్ వేరే చోట తాళం వెతుకుతుంది.

ఫైర్‌ఫాక్స్ తన తాళాన్ని తన ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది. లాగిన్స్.జేసన్, కీ4.డీబీ అనే ఫైళ్లు రెండూ కలిసి ఉంటేనే పనవుతుంది, ఒక్కటి కాపీ చేస్తే ఉపయోగం లేదు. ప్రైమరీ పాస్‌వర్డ్ (దాచిన వాటన్నింటికీ కాపలా ఉండే పాస్‌వర్డ్) పెట్టుకుని, అడిగినప్పుడు క్యాన్సిల్ నొక్కినా గడులు నిండవు. దాన్ని మర్చిపోతే రీసెట్ ఒక్కటే దారి, దాంతో దాచినవన్నీ చెరిగిపోతాయి. ఫోల్డర్‌లో లాగిన్స్.జేసన్.కరప్ట్ అన్న ఫైలు కనిపిస్తే ఫైర్‌ఫాక్స్ మూసేసి, పక్కనే ఉండే లాగిన్స్-బ్యాకప్.జేసన్‌కు ఒక కాపీ తీసి, ఆ కాపీకి లాగిన్స్.జేసన్ అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టండి.

చివరి అస్త్రం

ఏ సైట్‌లోనూ నిండకపోతే కొత్త ప్రొఫైల్ ఒకటి తెరిచి, ఒక్క పాస్‌వర్డ్ సేవ్ చేసి పరీక్షించండి. అందులో నిండితే మీ పాత ప్రొఫైల్ ఫైలు పాడై ఉండవచ్చు. క్రోమ్‌లో దాన్ని ఇలా మార్చాలి:

1. పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి సీఎస్‌వీ (పట్టిక రూపంలోని) ఫైలు తీసుకోండి. తెరిచి, అన్నీ వచ్చాయో లేదో చూడండి.
2. అడ్రస్ బార్‌లో క్రోమ్://వెర్షన్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, వచ్చిన పేజీలో ప్రొఫైల్ పాత్ (ప్రొఫైల్ ఫోల్డర్ ఉన్న చోటు) రాసుకోండి.
3. క్రోమ్‌ను పూర్తిగా మూసేయండి. విండో మూసినా వెనక నడుస్తుండవచ్చు, టాస్క్ మేనేజర్‌లో చూసి ఆపండి.
4. ఆ ఫోల్డర్‌లో ‘లాగిన్ డేటా’ అన్న ఫైలు పేరు చివర పాత అని చేర్చండి. తీసేయవద్దు. ‘లాగిన్ డేటా ఫర్ అకౌంట్’ అన్నది ఉంటే దానికీ అలాగే చేయండి.
5. క్రోమ్ తెరవండి. సింక్ ఉంటే కాసేపట్లో పాస్‌వర్డ్‌లు దిగుతాయి, లేకపోతే సీఎస్‌వీని ఇంపోర్ట్ చేయండి.

సీఎస్‌వీలో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో ఉంటాయి. పని కాగానే దాన్ని డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ తీసేయండి. ఆ ఫోల్డర్ క్లౌడ్‌కు బ్యాకప్ అవుతుంటే అక్కడి కాపీ కూడా తీసేయాలి.